ట్యాబ్‌లో ఫైలు ఉంది, ప్రింట్ ఎలా? షాపుకి వెళ్లే ముందు ఇంట్లో చేసుకోవాల్సిన పనులు

హాల్ టికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, హజ్ దరఖాస్తు, షాదీ కార్డు... ఏదైనా సరే, ఇప్పుడు ముందు ఫైలుగా వస్తుంది, తర్వాతే కాగితం అవుతుంది. విస్సన్నపేట లాంటి మండల కేంద్రంలో చాలా ఇళ్లలో కంప్యూటర్ ఉండదు. ప్రింటర్ అసలే ఉండదు. ఉన్నది ఫోను, లేదంటే పిల్లల ట్యాబు. అది పట్టుకుని జిరాక్స్ షాపుకి వెళ్తాం. అక్కడ ఫైలు దొరకదు. దొరికితే తెరుచుకోదు. తెరుచుకుంటే అక్షరాలు గజిబిజిగా ఉంటాయి. వెనక లైను పెరుగుతుంటుంది. ఆ తొందరలో ట్యాబు అన్‌లాక్ చేసి షాపు అతని చేతిలో పెట్టి, మీరే చూసుకోండి భాయ్ అనేస్తాం. ఇంటిల్లిపాది ఆధార్ కార్డులు, బ్యాంకు మెసేజ్‌లు, అమ్మీ ఫోటోలు అన్నీ ఆ ట్యాబులోనే ఉన్నాయని ఆ నిమిషంలో గుర్తుండదు.

పావుగంట ఇంట్లో కూర్చుని చేసుకుంటే ఈ తిప్పలు చాలావరకు ఉండవు. కంప్యూటర్ వచ్చి ఉండాల్సిన పని కూడా లేదు.

ట్యాబులు ఇళ్లలోకి ఎలా వచ్చాయి

మన రాష్ట్రంలో ట్యాబ్ ధనవంతుల వస్తువు కాకుండా పోయింది 2022లో. ఆ ఏడాది డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకి ట్యాబుల పంపిణీ మొదలుపెట్టారు. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం ఆ విడతలో 4,59,564 మంది విద్యార్థులకి, 59,176 మంది టీచర్లకి అందాయి. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి జిల్లా చింతపల్లిలో రెండో విడత. మొదటి విడతలో ఇచ్చింది శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్, 8.7 అంగుళాల తెర.

ఆ పథకం మంచిదా కాదా అన్న గొడవ ఇక్కడ వద్దు. మొదటి విడత పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసేశారు. చదువు యాప్ పక్కకి పోయింది గానీ ట్యాబు మాత్రం ఇంట్లోనే ఉంది. ఇప్పుడు దాన్ని అబ్బా వాడతారు, అన్నయ్య వాడతాడు, మసీదు కమిటీ లెక్కలు కూడా కొన్నిచోట్ల దాంట్లోనే. అయితే బడిలో ఇచ్చిన ట్యాబుల్లో చదువుకి సంబంధం లేని యాప్‌లు పడకుండా సాఫ్ట్‌వేర్ తాళం పెట్టారు. ఆ తాళం ఇంకా ఉన్న ట్యాబులో కింద చెప్పేవి కొన్ని పని చెయ్యవు. దాన్ని పగలగొట్టడానికి ఎవరి దగ్గరికో తీసుకెళ్లొద్దు. తాళం తీసేవాడు లోపల ఇంకేం పెట్టి పంపుతాడో మనకి తెలియదు.

ఫైలు ఎక్కడికీ పోలేదు

కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ ఉంటుంది, మై డాక్యుమెంట్స్ ఉంటుంది. ట్యాబులో అవి కళ్ల ముందు ఉండవు కాబట్టి ఫైలు మాయమైందనుకుంటాం. నిజానికి ఆండ్రాయిడ్‌లో కూడా ఫోల్డర్లు ఉన్నాయి. శాంసంగ్ అయితే మై ఫైల్స్ అనే యాప్, మిగతావాటిలో ఫైల్స్ అనే యాప్ తెరవండి. క్రోమ్‌లో డౌన్‌లోడ్ చేసినవి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చిన కాగితాలు ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్ లోపల, మీడియా లోపల, వాట్సాప్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో చాలా లోతుగా పడి ఉంటాయి. అంత దూరం వెతుక్కుంటూ పోనక్కర్లేదు. మై ఫైల్స్‌లో పైన కనిపించే డాక్యుమెంట్స్ గుర్తు నొక్కితే ట్యాబులో ఉన్న కాగితాలన్నీ ఒకచోట వరసగా కనబడతాయి. తేదీ ప్రకారం పేర్చమంటే ఇవాళ వచ్చింది పైకొస్తుంది.

ఇంకొంచెం కష్టమైన సంగతి పేరు. ప్రభుత్వ సైట్ల నుంచి వచ్చే ఫైళ్లకి పొడుగాటి అంకెల పేర్లుంటాయి. ఇంట్లో ఐదుగురివి ఉంటే ఏది ఎవరిదో ఒక్కోటి తెరిచి చూడాలి. దిగగానే పేరు మార్చేయండి. మనిషి పేరు, కాగితం పేరు, నెల. అంతే. తర్వాత డౌన్‌లోడ్స్ నుంచి తీసి, ప్రింట్ అని ఒక కొత్త ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. షాపులో ఆ ఫోల్డర్ ఒక్కటే తెరవాలి. గ్యాలరీ తెరవక్కర్లేదు, వాట్సాప్ తెరవక్కర్లేదు.

మన రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన మన మిత్ర సేవ వల్ల ఇప్పుడు చాలా సర్టిఫికెట్లు, హాల్ టికెట్లు నేరుగా వాట్సాప్‌లోకే వస్తున్నాయి. 95523 00009 నంబరుకి హాయ్ అని పంపితే మొదలవుతుంది. మొదట్లో 161 సేవలు పెట్టారు. వచ్చే కాగితం ఆ చాట్‌లోనే ఉండిపోతే కొన్నాళ్లకి చాట్‌తో పాటు పోవచ్చు. వచ్చిన రోజే పేరు మార్చి ఫోల్డర్‌లోకి తీసుకోండి.

పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి, వేరే మాట లేదు

షాపులో ఫైలు ఇచ్చేటప్పుడు అది పీడీఎఫ్ అయి ఉండాలి. ఎందుకంటే వర్డ్ ఫైలు లోపల ఫాంట్ ఉండదు, ఫాంట్ పేరు మాత్రమే ఉంటుంది. మీ ట్యాబులో ఒక తెలుగు ఫాంట్, షాపు కంప్యూటర్‌లో ఇంకో ఫాంట్. ట్యాబులో ఒక పేజీలో సరిపోయిన అర్జీ అక్కడ రెండో పేజీలోకి జారుతుంది, సంతకం గీత ఒక్కటే రెండో కాగితం మీద వస్తుంది. పీడీఎఫ్‌లో అలా కాదు. మామూలుగా వాడిన అక్షరాల ఆకారాలు కూడా ఫైలు లోపలే కూర్చుని వస్తాయి. అడోబీ కంపెనీ 1993లో తెచ్చింది, 2008 నుంచి అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఏ యంత్రంలో తెరిచినా ఒకేలా కనబడాలనే దాన్ని కనిపెట్టిందే.

చేసుకోవడం తేలిక. వర్డ్‌లో గానీ, గూగుల్ డాక్స్‌లో గానీ, క్రోమ్‌లో గానీ ప్రింట్ నొక్కండి. ప్రింటర్ పేరు అడిగేచోట బాణం నొక్కితే సేవ్ యాజ్ పీడీఎఫ్ అని ఉంటుంది. అది ఎంచుకోండి. ప్రింటర్ లేకపోయినా ప్రింట్ బటన్ నొక్కడం వింతగా అనిపిస్తుంది గానీ దారి అదే. అక్కడే కాగితం సైజు చూడండి. చాలాసార్లు లెటర్ అని ఉంటుంది, అది అమెరికా వాళ్ల కాగితం. మనది ఏ4, 210 మిల్లీమీటర్లు వెడల్పు, 297 పొడవు. మార్చకపోతే అంచులు అటూ ఇటూ అవుతాయి.

స్క్రీన్‌షాట్ తీసి అదే ప్రింట్ చేయించుకునే అలవాటు మనలో ఎక్కువ. ఏ7 లైట్ తెర 1340 బై 800 చుక్కలు. ఆ 800 చుక్కల్ని ఏ4 వెడల్పు మీద పరిస్తే అంగుళానికి వంద కూడా రావు. శుభ్రమైన ప్రింట్‌కి 300 కావాలి. అందుకే హాల్ టికెట్ మీద ఫోటో మసకగా, బార్‌కోడ్ చెరిగినట్టు వస్తుంది. ఫైలు డౌన్‌లోడ్ చేసే వీలున్నప్పుడు స్క్రీన్‌షాట్ మీద ఆధారపడొద్దు.

తెలుగు గజిబిజి, ఉర్దూ గజిబిజి

ఇది మన పాఠకులకి మిగతావాళ్లకంటే ఎక్కువ తగిలే సమస్య. మనకి రెండు లిపులు, రెండు రకాల ఇబ్బందులు.

ముందు తెలుగు. మన ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఎన్నో ఏళ్లుగా అను ఫాంట్లు, పేజ్‌మేకర్ నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0, అది 2001 నాటిది. పాతదే అయినా చేయి తిరిగిన డీటీపీ ఆపరేటర్ దాన్ని వదలడు. ఈ పాత ఫాంట్ల పద్ధతి ఏంటంటే, ఇంగ్లిష్ అక్షరాలుండే గదుల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టారు. ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగు కనబడుతుంది. ఫాంట్ లేని ట్యాబులో ఆ గదుల్లో అసలు ఉన్నవే, అంటే ఇంగ్లిష్ ముక్కలూ గుర్తులూ కనబడతాయి. ఫైలు పాడయిందని భయపడొద్దు. పాడవలేదు. ప్రెస్సు వాళ్లని పేజ్‌మేకర్ ఫైలు కాకుండా పీడీఎఫ్ పంపమనండి, చాలు.

ట్యాబులో మనం టైప్ చేసేది యూనికోడ్. అందులో ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఉంది. తెలుగు 'అ' నంబరు 3077, ఉర్దూ అలిఫ్ నంబరు 1575. ఫాంట్ మారినా నంబరు మారదు, కాబట్టి అక్షరం మారదు. తెలుగుకి ఈ నంబర్లు 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే ఉన్నాయి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. చిక్కు ఎక్కడంటే, మీరు యూనికోడ్‌లో టైప్ చేసి పంపింది ప్రెస్సు అతను తన పాత పేజ్‌మేకర్‌లో అతికిస్తే ప్రశ్నార్థకాలు, డబ్బాలు వస్తాయి. అతను మళ్లీ మొదటినుంచి టైప్ చేస్తాడు. అప్పుడు పేర్లలో తప్పులు దొర్లుతాయి. మన పేర్లు మామూలుగానే తెలుగులో తలో రకంగా రాస్తారు, షేక్, షేఖ్, షైక్. అందుకే మళ్లీ టైప్ చేశారని తెలిస్తే ప్రూఫ్‌లో ముందు పేర్లు చూడండి, తర్వాత తేదీ, తర్వాత ఫంక్షన్ హాలు.

ఇక ఉర్దూ. షాదీ రుఖాలు, జల్సా పోస్టర్లు, రంజాన్ టైమ్ టేబుళ్లు చాలావరకు ఇన్‌పేజ్‌లో తయారవుతాయి. 1994లో ఢిల్లీ కంపెనీ ఒకటి తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. నస్తాలీక్ రాత కంప్యూటర్‌కి ఎక్కడమే ఒక పెద్ద కథ. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ ఒక్కో అక్షరాల గుంపునీ విడివిడిగా రాసి, అలా వేల గుంపులతో నూరీ నస్తాలీక్ తయారు చేశారు. 1981లో జంగ్ పత్రిక దాంతో అచ్చయింది. అంతకుముందు ఉర్దూ పత్రిక అంటే కాతిబ్‌లు చేత్తో రాసిందే. చెన్నైలో 1927లో మొదలైన ది ముసల్మాన్ అయితే ఈ శతాబ్దంలోకి కూడా చేతిరాతతోనే వచ్చింది.

ఇన్‌పేజ్ సొంత ఫైలు ట్యాబులో తెరుచుకోదు. డాట్ ఐఎన్‌పీ అని చివర ఉంటే అదే. దాని కోసం యాప్‌లు వెతుక్కుంటూ పోవద్దు. పంపినవాళ్లనే పీడీఎఫ్ అడగండి. ప్రూఫ్‌ని వాట్సాప్‌లో ఫోటోగా పంపిస్తే కూడా ఒప్పుకోవద్దు, నుక్తాలు కలిసిపోతాయి. ఒక్క చుక్క తేడాతో పేరు మారిపోయే లిపి మనది. పెద్దగా చేసి చూడగలిగే పీడీఎఫ్‌లోనే ప్రూఫ్ చూడాలి.

ట్యాబులో ఉర్దూ మనమే టైప్ చేసుకోవచ్చు. జీబోర్డ్ సెట్టింగ్స్‌లో భాషల దగ్గర ఉర్దూ చేర్చండి. ఇక్కడ ఒక జాగ్రత్త. కొందరు ఉర్దూ బదులు అరబిక్ కీబోర్డు పెట్టుకుంటారు, అక్షరాలు ఒకటే కదా అని. ఒకటి కాదు. అరబిక్ కాఫ్, ఉర్దూ కాఫ్ నంబర్లు వేరు. యే కూడా అంతే, హే కూడా అంతే. తెర మీద దాదాపు ఒకేలా కనబడినా ప్రింట్‌లో నస్తాలీక్ ఫాంట్ పెట్టగానే ఆ అక్షరాలు మాత్రం విడిగా, వేరే ఆకారంలో వస్తాయి. తర్వాత ఫైలులో ఆ పేరు వెతికినా దొరకదు.

నోటో నస్తాలీక్ ఉర్దూ అనే ఫాంట్ ఉచితం. ఆ ఫాంట్‌లో మాటలు పైనుంచి కిందికి వాలుగా జారతాయి కాబట్టి లైనుకీ లైనుకీ మధ్య ఎక్కువ జాగా కావాలి. ఒకటిన్నర, అవసరమైతే రెండు పెట్టండి. లేదంటే పై లైను కింది భాగం కోసేసినట్టు ప్రింట్ అవుతుంది. ఇంకోటి, తెలుగూ ఉర్దూ ఒకే లైనులో కలపొద్దు. ఒకటి ఎడమ నుంచి కుడికి, ఒకటి కుడి నుంచి ఎడమకి. మధ్యలో ఉన్న కామాలు, బ్రాకెట్లు ఎటు పోవాలో తెలియక తిరగబడతాయి, తేదీలో రోజూ నెలా చోటు మారతాయి. ఉర్దూకి ఒక లైను, తెలుగుకి ఒక లైను. 2022 మార్చిలో ఉర్దూని రాష్ట్రంలో రెండో అధికార భాషగా చేస్తూ అసెంబ్లీ బిల్లు ఆమోదించింది కాబట్టి రెండు భాషల్లో అర్జీ రాసుకోవాలనుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది.

పాత కాగితాలు స్కాన్ చేసేటప్పుడు

మసీదు కమిటీలకి, ముతవల్లీలకి ఈ పని నేర్పించింది ఉమీద్ పోర్టల్. 2025 జూన్ 6న కేంద్రం దాన్ని మొదలుపెట్టి, రిజిస్టరయిన వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి ఆరు నెలల గడువు ఇచ్చింది. గడువు పెంచమని అడిగినవాళ్లని సుప్రీంకోర్టు డిసెంబర్ 1న ట్రిబ్యునల్‌కి వెళ్లమంది. బీరువాల్లో ఉన్న పాత ఉర్దూ కాగితాలు, గెజిట్ పేజీలు అప్పుడు బయటికి తియ్యాల్సి వచ్చింది. గడువుల సంగతి ఎలా ఉన్నా, ఆ కాగితాలకి మంచి స్కాన్ కాపీ ఒకటి ఉండటం ఎప్పటికైనా అవసరమే.

గూగుల్ డ్రైవ్‌లో ప్లస్ గుర్తు నొక్కితే స్కాన్ అని ఉంటుంది. అది చాలు. చాలామంది వాడే కామ్‌స్కానర్ 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో ఒకటి. ఎక్కడినుంచో దాని ఫైలు తెచ్చి ఎక్కించుకునేవాళ్లున్నారు, ఆస్తి కాగితాలకి అది అసలు వాడొద్దు.

కిటికీ పక్క పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తియ్యండి. తీశాక యాప్ దానంతటదే బ్లాక్ అండ్ వైట్ చేసేస్తుంది, పాత సిరా, ఊదారంగు రబ్బరు స్టాంపు రెండూ అందులో ఎగిరిపోతాయి. కలర్‌కి మార్చండి. అన్ని పేజీలూ ఒకే పీడీఎఫ్‌లో ఉండాలి. ఉర్దూ పుస్తకం కుడివైపు నుంచి మొదలవుతుంది కాబట్టి రెండు పేజీలు కలిపి ఒకే ఫోటో తీస్తే వరస తారుమారు అవుతుంది, ఒక్కో పేజీ విడిగా తియ్యండి.

తర్వాత సైజు గొడవ. కెమెరా ఫోటో ఒక్కోటి 3, 4 ఎంబీ ఉంటుంది. పది పేజీలంటే 30, 40 ఎంబీ. పోర్టళ్లు అంత తీసుకోవు, కొన్ని ఫారాలు ఫోటోకి 200 కేబీ కూడా ఒప్పుకోవు. హజ్ దరఖాస్తులో పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ ఎక్కించేటప్పుడు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. చదవడానికి సరిపోవాలంటే ఏ4 పేజీ 1240 బై 1754 చుక్కలు ఉంటే చాలు, అంటే అంగుళానికి 150. స్కాన్ యాప్ సెట్టింగ్స్‌లో క్వాలిటీ తగ్గించుకోవచ్చు. సైజు తగ్గిస్తామని చెప్పే ఊరూ పేరూ లేని వెబ్‌సైట్లకి పాస్‌పోర్టు, ఆధార్ ఎక్కించొద్దు. ఫైలు వాళ్ల కంప్యూటర్‌కి వెళ్లి తిరిగి వస్తుంది, అక్కడ ఎన్నాళ్లు ఉంటుందో మన చేతిలో లేదు. ఒరిజినల్ పెద్ద ఫైలు మాత్రం పారేయకండి, ప్రింట్‌కి అదే కావాలి. వాట్సాప్‌లో ఎవరికైనా పంపాల్సి వస్తే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే వాట్సాప్ నలిపేస్తుంది, డాక్యుమెంట్ అయితే ముట్టుకోదు.

ఆధార్ పాస్‌వర్డ్ తాళం కాదు

ఆధార్ సైట్ నుంచి దిగిన పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు క్యాపిటల్స్‌లో, పక్కన పుట్టిన సంవత్సరం. చుక్క ఉంటే చుక్క కూడా ఒక అక్షరం కిందే లెక్క, మధ్యలో ఖాళీ మాత్రం లెక్కలోకి రాదు. మూడు అక్షరాల పేరైతే మూడే. ఆధార్ మీద ఉన్న స్పెల్లింగే కొట్టాలి, పది సర్టిఫికెట్ మీద ఉన్నది కాదు. సగం మందికి తెరుచుకోకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆలోచించండి. మన దగ్గర ఎంతమంది పేర్లు షేక్‌తో మొదలవుతాయి? ఎస్, హెచ్, ఏ, ఐ, పక్కన పుట్టిన ఏడాది. ఏడాది తెలియకపోయినా ఒక యాభై అరవై సార్లు ప్రయత్నిస్తే ఎవరైనా తెరవగలరు. కాబట్టి పాస్‌వర్డ్ ఉంది కదా అని ఆ ఫైలుని షాపు కంప్యూటర్‌లో వదిలేసి రాకూడదు. మాస్క్‌డ్ ఆధార్ అనే రకం దించుకుంటే చివరి నాలుగు అంకెలే కనబడతాయి. లాడ్జి గది, సిమ్ కార్డు లాంటిచోట అడిగితే ముందు అదే ఇవ్వండి. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు నెట్ సెంటర్ కంప్యూటర్లలో ఆధార్ దించుకోవద్దని, జిరాక్స్ కాపీలు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వొద్దని ప్రకటన ఇచ్చింది. జనం కంగారు పడుతున్నారని రెండు రోజులకే వెనక్కి తీసుకున్నారు. ప్రకటన పోయింది గానీ అందులో చెప్పిన జాగ్రత్త పనికిరానిది కాదు.

షాపుకి ఫైలు ఎలా ఇవ్వాలి

అందరూ చేసేది షాపు నంబరుకి వాట్సాప్ చెయ్యడం. పని తొందరగా అవుతుంది. పెళ్లి కార్డో, పాఠమో అయితే ఇబ్బంది లేదు. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ అయితే మాత్రం ఆ ఫైలు షాపు ఫోనులో ఒకటి, షాపు కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో ఒకటి, రెండు కాపీలు ఉండిపోతాయి. షాపు అతను మంచివాడే కావచ్చు. రోజుకి ఎంతమందో వచ్చే కంప్యూటర్ అది, దాని ముందు ఎవరెవరు కూర్చుంటారో అతనికే తెలియదు. డిలీట్ ఫర్ ఎవ్రీవన్ నొక్కితే చాట్‌లోంచి పోతుంది, అది కూడా పంపిన రెండున్నర రోజుల లోపే. కంప్యూటర్‌లో అప్పటికే దిగిన కాపీ పోదు. ప్రింట్ చేతికొచ్చాక, భాయ్ డౌన్‌లోడ్స్‌లోంచి కూడా తీసెయ్యండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా అని అడగండి. మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఇంకా పెద్ద ప్రమాదం, షాపు కంప్యూటర్‌లో మన వాట్సాప్ వెబ్ తెరవడం. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక మన ఫోను ఆఫ్ అయినా అక్కడ మన చాట్లు కనబడుతూనే ఉంటాయి. అలా ఎప్పుడైనా చేసి ఉంటే ఇప్పుడే వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి. మీకు తెలియని కంప్యూటర్ పేరు కనబడితే లాగ్ అవుట్ కొట్టండి.

అన్నిటికంటే నయం పెన్‌డ్రైవ్. ఒకవైపు మామూలు యూఎస్‌బీ, ఇంకోవైపు టైప్ సీ ఉన్నది దొరుకుతుంది. నేరుగా ట్యాబుకి గుచ్చుకోవచ్చు. పాత ట్యాబు అయితే ఓటీజీ ముక్క కావాలి. పెన్‌డ్రైవ్‌లో అవసరమైన ఫైళ్లు మాత్రమే వేసుకుని వెళ్లండి. గుచ్చితే ట్యాబు గుర్తుపట్టకపోతే దాని ఫార్మాట్ ఎన్‌టీఎఫ్ఎస్ అయి ఉండొచ్చు, ఎఫ్ఏటీ32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ చేయించుకోండి. షాపు నుంచి వైరస్ అంటుకుని రావడం మామూలే. ఫైళ్ల బదులు షార్ట్‌కట్లు కనబడితే అదే. అందుకే పెన్‌డ్రైవ్‌లో ఉన్నది కాపీ అయి ఉండాలి, అసలు ఫైలు ట్యాబులో ఉండాలి.

షాపులో ప్రింట్ నొక్కే ముందు ఒక మాట చెప్పండి. ఫిట్ టు పేజ్ పెడితే కాగితానికి తగ్గట్టు సైజు మారుతుంది, అర్జీలకి, సర్టిఫికెట్లకి పర్వాలేదు. పాస్‌పోర్టు ఫోటోలకి మాత్రం 100 శాతం సైజులోనే వెయ్యాలి. 35 బై 45 మిల్లీమీటర్ల ఫోటోలు 4 బై 6 అంగుళాల కాగితం మీద ఎనిమిది పడతాయి. పాఠ్యపుస్తకంలో కొన్ని పేజీలే కావాలంటే పుస్తకం మీది పేజీ నంబరు, పీడీఎఫ్ చూపించే నంబరు ఒకటి కాదని గుర్తుంచుకోండి. ముందుమాట, విషయసూచిక కలిసి పది పన్నెండు పేజీల తేడా వస్తుంది.

ఇంట్లో ప్రింటర్ ఉంటే

వైఫై ప్రింటర్ అయితే ట్యాబు, ప్రింటర్ ఒకే వైఫైలో ఉంటే చాలు. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 నుంచే ప్రింట్ సదుపాయం లోపలే ఉంది. కనబడకపోతే మోప్రియా ప్రింట్ సర్వీస్ గానీ, ప్రింటర్ కంపెనీ యాప్ గానీ వేసుకోండి. వైఫై లేని ఇళ్లలో కొన్ని ప్రింటర్లు డైరెక్ట్ అనే పేరుతో సొంత నెట్‌వర్క్ ఇస్తాయి, ట్యాబుని దానికే కలపొచ్చు. పాత యూఎస్‌బీ లేజర్ ప్రింటర్‌ని ఓటీజీ వైరుతో కలిపితే చాలావరకు పని చెయ్యదు, ట్యాబులో దానికి డ్రైవర్ ఉండదు. గూగుల్ క్లౌడ్ ప్రింట్ వాడమని చెప్పే పాత వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి, అది 2020 డిసెంబర్ 31న మూతపడింది.

చందా లెక్కలు, ఎక్సెల్

బీకామ్ చదివిన అలవాటు కాబట్టి ఈ ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. మసీదు చందా లెక్క ట్యాబులో రాసి, జుమ్మా రోజు బోర్డుకి అంటించాలనుకునే కమిటీలు ఎక్సెల్ యాప్ వాడుకోవచ్చు. 10.1 అంగుళాల లోపు తెర ఉన్న ట్యాబులకి మైక్రోసాఫ్ట్ యాప్‌లలో మామూలు పని ఉచితమే. అంతకంటే పెద్ద తెరకి డబ్బు కట్టాలి. కాబట్టి 8.7 అంగుళాల ట్యాబు ఇక్కడ పెద్ద ట్యాబు కంటే లాభం.

ప్రింట్‌లో వచ్చే తంటా ఒకటే. పేర్లు ఒక కాగితం మీద, డబ్బులు ఇంకో కాగితం మీద వస్తాయి. ప్రింట్ సెట్టింగ్స్‌లో కాగితం అడ్డంగా పెట్టి, నిలువు వరుసలన్నీ ఒకే పేజీ వెడల్పులో పట్టేలా ఎంచుకోవాలి. పీడీఎఫ్ చేసి చూసుకున్నాకే షాపుకి. మొత్తం గడిలో అంకె చేత్తో టైప్ చెయ్యకండి, ఫార్ములా పెట్టండి. తర్వాత ఎవరో ఒక పేరు చేరిస్తే మొత్తం మారదు, బోర్డు ముందు నిలబడి కూడుకునే పెద్దలు మనకి తక్కువేం కాదు. దాతల ఫోన్ నంబర్లున్న వరుస ప్రింట్‌కి ముందు దాచేయండి.

ట్యాబు ఇంకొకరికి ఇచ్చే ముందు

పాత ట్యాబు అమ్మినా, బంధువుల పిల్లలకి ఇచ్చినా ముందు మెమరీ కార్డు తియ్యండి. కార్డు ఫార్మాట్ చేసే ముందు అందులో ఏముందో చూసుకోండి, పిల్లల పాఠాలు, మీ స్కాన్ కాగితాలు అందులోనే ఉండొచ్చు. కావలసినవి గూగుల్ డ్రైవ్‌లో వేసుకోవచ్చు, మెయిల్, ఫోటోలతో కలిపి 15 జీబీ వరకు ఉచితం. తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి మీ గూగుల్ అకౌంట్ తీసెయ్యండి. ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. అకౌంట్ తియ్యకుండా బటన్లు నొక్కిపట్టి రీసెట్ చేస్తే ట్యాబు మళ్లీ మొదలైనప్పుడు పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. తీసుకున్నవాళ్లు దాంతో ఏ పనీ చేసుకోలేక మళ్లీ మీ ఇంటికే తీసుకొస్తారు.